గాలికి ఆగే మాటలు

2139 సెప్టెంబరు 4, శుక్రవారం

ఈ రోజు మొదటి వింత: లాజరు మాస్టారు సైకిలు కొన్నారట.

తెల్లవారుజామున, గట్టు మీద ఏదో దుకాణంలో. సైకిలూ, రెండు జతల బూట్లూ, ఒక కుట్టుమిషనూ. పొద్దున మా పెద్దమ్మ మెస్‌లో ఇడ్లీ తిన్నాక యంత్రంలో కార్డు పెడితే ఆ జాబితా పడింది. మాస్టారికి డెబ్బై ఒకటి. మా తెప్పలూరులో నేల అన్నదే లేదు. అన్నిటికంటే పొడుగైన చెక్కల దారి నలభై బారలు.

"ఎక్కడ తొక్కుతారు మాస్టారూ, కొల్లేటి మీదా?" అంది పెద్దమ్మ.

"ముందు నేర్చుకోవాలి కదమ్మా మంగతాయీ. నువ్వు వెనకాల పట్టుకుని పరిగెత్తు," అన్నారాయన.

తెప్ప అడుగున గుల్లలు గీకుతున్న నాకు కూడా నవ్వొచ్చింది. తర్వాత జాబితా చివరి వరస చూశాం. కార్డులో మందుల వాటా సున్నా. ఎవరో దాన్ని కూడా తోడేశారు. ఆ కింద ఎర్ర అక్షరాల్లో: కార్డు స్తంభించినది.

మాస్టారి గుండెకి రోజుకో మాత్ర. డబ్బాలో లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. పద్నాలుగో తారీకు దాకా సరిపోతాయి. ఒకరి కార్డు మీద ఇంకొకరి మందు ఇవ్వరు. మీ బజారు నుంచే అంకెలు బయటికి పోతున్నాయి, ఆ కంత ఎక్కడుందో కనిపెట్టి, మూసి, తనిఖీలో నెగ్గితేనే కొత్త కార్డులు పంపుతామని గట్టు మీది కార్డుల కార్యాలయం తీగ మీద జవాబిచ్చింది. తనిఖీ పదహారున. తప్పితే మళ్ళీ మూడు నెలలకి.

ఈ దినచర్య రాయడం మా పాలిటెక్నిక్ పెట్టిన పని. రెండో ఏడాది వాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక్కో బజారు అప్పగించారు. అక్కడి కొట్లన్నీ కార్డుల పన్నెండు కట్టుబాట్లు పాటిస్తున్నాయో లేదో చూడాలి. నలభై మూడు కొట్ల ఈ బజారు నాది. కాగితం మీద 'పూచీ: సైదు పెద్దింట్లు' అని సంతకం పెట్టాను. పూచీ అన్న మాట నాకిచ్చింది లాజరు మాస్టారే. నాకు రోజుకో మాట ఇస్తారాయన. నిన్నటి దాకా అది నోటికి బాగున్న మాట, అంతే. ఇవాళ బరువుగా ఉంది.

సెప్టెంబరు 5, శనివారం

నలభై మూడు కొట్లూ తిరిగాను.

రెండు కొట్లలో యంత్రాల తాళపు అంకె కొన్ననాటి సున్నాలే. మార్పించాను. వలల కొట్టాయన మార్చిన అంకెని వెంటనే బొగ్గుతో స్తంభం మీద రాశాడు. తుడిపించాను. "మరి మర్చిపోతే?" అన్నాడు. "మర్చిపోతే నన్ను పిలువు బాబాయ్" అన్నాను. "నువ్వు మర్చిపోతే?" అన్నాడు. నాకు అసలు చెప్పకూడదన్నాను. "ఎవరికీ తెలియని అంకె ఉండి ఏం లాభం!" అన్నాడు.

ఉప్పుచేపల కొట్టులో యంత్రం మీద పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ ఉన్నాయి. కట్టుబాట్లలో వాటి సంగతి లేదు. వదిలేశాను. తీగలన్నీ చూశాను. ఎక్కడా కోత లేదు, అతుకు లేదు.

సాయంత్రం ఇంకో ఇద్దరి కార్డులు స్తంభించాయి. ఒకామె గట్టు మీద ఆరు కుర్చీలు కొన్నట్టుంది, ఇంకొకాయన టోపీలు. ముగ్గురి మధ్యా ఏం కలుస్తుందా అని కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను. కలిసింది ఒక్కటే. ముగ్గురూ మా పెద్దమ్మ మెస్‌లో తింటారు.

సెప్టెంబరు 7, సోమవారం

మెస్ పొయ్యి వెనక చెక్క మీద మసి తుడిస్తే మేకుతో గీసిన అంకెలు బయటపడ్డాయి. ఒక్కో వరసకి పన్నెండు. మొత్తం ముప్పై రెండు వరసలు. కార్డు అంకెలు.

"పెద్దమ్మా, ఇవేంటి?"

"ఏంటేంటే? ముసలాళ్ళవి. వాళ్ళకి గుర్తుండవు, అడిగితే చిన్నబోతారు. చూసి నేనే కొడతా."

"మూడో కట్టుబాటు. కొనేవాళ్ళ అంకెలు ఎక్కడా రాసి ఉంచకూడదు."

"రాయలేదుగా, గీశాను."

"పెద్దమ్మా!"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అంటే మాస్టారి మందులు నేను తిన్నానంటావా? ఇరవై ఏళ్ళుగా ఆయనకి కారం తక్కువ వేసి వండుతున్నా. నువ్వు పుట్టకముందు నించీ. చెప్పు, ఆ సైకిలు ఎక్కడ దాచాను? పప్పు డబ్బాలోనా?"

తనే వడ్రంగి బాడిత తెచ్చి, పొయ్యి ఆరకముందే చెక్క చెక్కేసింది. ముప్పై ఒక్క వరసలు రజనై పొయ్యిలో పడ్డాయి. అన్నిటికంటే పైనున్న వరస మాత్రం ఉంచింది. అది మా పెదనాన్నది. ఆయన పోయి ఎనిమిదేళ్ళు.

"దీన్ని కూడా చెక్కమంటావా?" అంది, నా వంక చూడకుండా.

కట్టుబాట్ల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. మనిషి పోయిన నాడే ఆ కార్డు రద్దవుతుంది. రద్దయినది కార్డు కాదు. వద్దన్నాను. పెద్దమ్మ బాడిత పక్కన పెట్టి నాకు అన్నం పెట్టింది, కానీ మాట్లాడలేదు.

సెప్టెంబరు 8, మంగళవారం

పొద్దున్నే ఇంకో కార్డు స్తంభించింది. ఈయన పెద్దమ్మ మెస్‌లో ఎన్నడూ తినలేదు. పేరు ఆ చెక్క మీద లేదు. పెద్దమ్మ దగ్గరికెళ్ళి తప్పయిందన్నాను. "అయింది, సరే, ఇప్పుడు ఉల్లిపాయలు కొయ్యి," అంది. అదే క్షమించడం.

ఇవాళ్టి అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మా బజారులో కొట్లు ఒక పెద్ద వలయం. యంత్రాల తీగలు తెప్పల అడుగు నుంచి వస్తాయి కాబట్టి వాటిని కదల్చలేం. కొనేవాళ్ళ దోనెలు వలయం మధ్యలో ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడతాయి. వెనక దోనె వాళ్ళు కొట్టు దాకా రాలేరు. గాలికి వాళ్ళ కేక కొట్టుకి అందదు. అందుకని మాట దాటిస్తాం. వెనకాయన తనకేం కావాలో చెబుతాడు, ముందు దోనెలో మనిషి అదే మాట అక్షరం పొల్లుపోకుండా తన ముందువాళ్ళకి చెబుతాడు. అలా పదిహేను, ఇరవై నోళ్ళు దాటి కొట్టుకి చేరుతుంది. తిరుగు దారిలో గిన్నె వస్తుంది. దీన్ని వరస అంటాం. ప్రతి ఒక్కరికీ వంతు ఉంటుంది. వరసలో మాట మార్చిన మనిషిని ఏడాది దాకా పెళ్ళిళ్ళకి పిలవరు.

ఇవాళ నా వంతు. గొంతు బాగుంటుందని నాకు పేరు. క్రితం వారం వరస పెద్ద ఘంటయ్య తాత, "ఈ పిల్ల నోట్లో మాట నానదు, కడిగిన ముత్యంలా వస్తది," అన్నాడు. రెండు రోజులు ఆ మాట తల్చుకుని తిరిగాను.

వెనక నుంచి వచ్చింది. "రెండు కొర్రమీను పులుసు, మూడు అన్నం, కార్డు ఆరు నాలుగు తొమ్మిది ఒకటి..."

నేను అందుకున్నాను. స్పష్టంగా, ఒక్కో అంకెనీ విడదీసి, నా ముందున్న దోనెకి చెప్పాను. సగంలో నా గొంతు నాకే వినబడింది.

పన్నెండు అంకెలు తెలిస్తే చాలు, గట్టు మీద తీగ మీద ఏదైనా కొనొచ్చు. ఆ పన్నెండు అంకెల్నీ మేం ఇరవై నోళ్ళతో కేకలేసి చాటుతున్నాం. వలయం పక్కనుంచి రోజుకి నాలుగుసార్లు గట్టు ప్రయాణికుల పడవ వెళుతుంది. అందులో ఒక్కడు చెవి ఒగ్గి కూర్చుంటే చాలు. గుర్తు తెచ్చుకున్నాను. క్రితం గురువారం కూడా వరసలో నా వంతే. లాజరు మాస్టారి దోనె ఆ రోజు చివర్లో ఉంది. ఆయన అంకెలు నా నోటి మీదుగానే వెళ్ళాయి. కడిగిన ముత్యాల్లా.

తీగలన్నీ తడిమి చూశాను. నోళ్ళు చూడలేదు.

సెప్టెంబరు 9, బుధవారం

ఘంటయ్య తాతతో చెప్పాను. వరసలో ఇక అంకెలు పలకకూడదని.

తాత దోనె అంచు మీద కూర్చుని గెడకి నూనె రాస్తున్నాడు. రాయడం ఆపలేదు. "ముప్పై ఒకటో ఏడు తుపానప్పుడు ఎక్కడున్నావే పిల్లా?"

"అమ్మ ఒళ్ళో. పదేళ్ళు నాకు."

"నేను తాడు చివరున్నా. 'లంగరు కొయ్యొద్దు, తాడు వదలొద్దు' అన్న మాట అరవై నోళ్ళు దాటి నా చెవిన పడింది. ఒక్కడు 'లంగరు కొయ్యండి' అని ఉంటే? మనూరు ఇప్పుడు సముద్రంలో ఉండేది. ఆ వరసని నోరు ముయ్యమంటావా?"

"వరసని కాదు తాతా, అంకెల్ని."

"వరసలోకి వచ్చిన మాటని ఇది దాటించు, అది మింగు అని ఎంచడం మొదలెడితే అది వరస కాదే. రేపు తుపానొస్తే ఏ మాట మింగాలో ఎవడు చెబుతాడు?"

ఆయన చెప్పింది తప్పు కాదు. అదే కష్టం.

అయినా పూచీ నాది కాబట్టి, రేపటి నుంచి వరసలో కార్డు అంకెలు నిషేధం అని బజారు ముఖద్వారం తెప్ప మీద పలక కట్టాను. చుట్టూ పూలు కూడా గీశాను.

సెప్టెంబరు 10, గురువారం

నా పలక ఒక్క పూట బతికింది.

అంకెలు పలకకూడదు కాబట్టి ప్రతి దోనే కొట్టు దాకా రావాలని చూసింది. మూడు దోనెలు ఇరుక్కుని ఒకటి తిరగబడింది. ఎండ్రకాయల బుట్ట విడిపోయి, ఎండ్రకాయలన్నీ మైదా కొట్టులోకి ఎక్కాయి. కొందరు అంకెల్ని కాగితం మీద రాసి చేతి నుంచి చేతికి పంపారు. అది కేకకన్నా ఘోరం. పెద్దమ్మ పులుసు మిగిలిపోయింది. ఎవరో నా పలకని తిప్పి దాని మీద చేపలు ఎండేశారు.

ఇదంతా నవ్వుకోవచ్చు. మాస్టారింటికి వెళ్ళాక నవ్వు పోయింది. ఆయన మాత్రని కత్తిపీట మీద రెండు ముక్కలు చేస్తున్నారు. సోమవారం నుంచీ సగమే వేసుకుంటున్నారట.

"తనిఖీ ఒకవేళ తప్పినా, కొన్నాళ్ళు వస్తాయి కదా," అన్నారు. పాదాలు వాచి ఉన్నాయి. నేను చూడటం చూసి పంచె కిందికి లాక్కున్నారు.

"సగం మాత్ర సగం కూడా పనిచెయ్యదు మాస్టారూ."

"నీకు రసాయన శాస్త్రం చెప్పింది నేనేనమ్మా." తర్వాత, "పూచీ పడ్డావని నువ్వు ఏడవకూడదు, ఇంట్లూ. ఈ రోజుకి మాట అడగవేం?" అన్నారు.

నాకు అడగబుద్ధి కాలేదు. ఆయనే ఇచ్చారు. కైవారం. అంటే వృత్తం గీసే పరికరమనీ, పొగడటమనీ ఏదో చెబుతున్నారు. నేను మాత్రల వంకే చూస్తున్నాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

దొరికింది!

పొద్దున వరస మళ్ళీ మామూలుగా నడుస్తోంది, అంకెలతో సహా. నేను చివరి దోనెలో ఉన్నాను. ఏమీ తోచక, పెద్దమ్మకి చేరాలని, "ఒక దోసె, కైవారం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ముందాయన కనురెప్ప కొట్టకుండా, "ఒక దోసె, కైవారం" అన్నాడు. ఆ ముందామె అంది. ఆ ముందువాళ్ళు అన్నారు. పద్దెనిమిది నోళ్ళు. ఎవరికీ దాని అర్థం తెలియదు, ఎవరూ అడగలేదు, ఎవరూ మార్చలేదు.

కొట్టు దగ్గరి నుంచి పెద్దమ్మ కేక. "ఎవరే దోసెలో కైవారం అడిగింది? ఉల్లి ఉంది, కారం ఉంది, కైవారం లేదు!"

దోనెలో లేచి నిలబడ్డాను. పడబోయాను కూడా.

వరసకి ఏ మాటైనా ఒకటే. అది దేన్నైనా దాటిస్తుంది. అలాంటప్పుడు వరస నోరు ముయ్యడం ఎందుకు? వరసలో వేసే మాటనే మార్చాలి. ఎవరు విన్నా పనికిరాని మాట. ఒక్కసారి వాడితే చచ్చిపోయే మాట.

కాగితం మీద ఇలా వేసుకున్నాను. బజారు ముఖద్వారం తెప్ప దగ్గర తాడు అందుకోవడానికి ప్రతి దోనే ఆగుతుంది. అక్కడ ఒక యంత్రం. కొనే మనిషి తన కార్డు తనే పెడతాడు, ఎవరికీ ఇవ్వడు, నోరు విప్పడు. యంత్రం రెండు మాటల జత ఇస్తుంది. వరసలో అంకెలకి బదులు ఆ జతే వెళుతుంది. కొట్టులో ఆ జత నొక్కగానే బేరం తెగుతుంది, జత చచ్చిపోతుంది. ఒక్క బేరానికే, మన బజారు యంత్రాల్లోనే, గంటలోపే.

పాలిటెక్నిక్‌లో అదనపు యంత్రం ఉంది. మాటలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. రెండేళ్ళుగా మాస్టారిచ్చినవీ, ముసలమ్మల దగ్గర పోగేసినవీ ఏడు వందల పైచిలుకు. తనిఖీకి వచ్చే హైమవతి గారికి తీగ మీద రాశాను. సాయంత్రానికి జవాబు. 'అంకెలకి బదులు మాటలు వాడరాదని ఏ కట్టుబాటులోనూ లేదు. కానీ నేను వచ్చి విరగ్గొట్టడానికి ప్రయత్నిస్తాను.'

ఎంత మంచి జవాబు!

సెప్టెంబరు 13, ఆదివారం

ఘంటయ్య తాతకి చెప్పినప్పుడు ఆయన గెడ పక్కన పెట్టాడు.

"అంటే వరస ఆగదు?"

"ఆగదు తాతా. ఏదొస్తే అది దాటించడమే."

"ఏదీ, నీ మాటలు చదువు."

చదివాను. నాలుగో మాటకే చెయ్యెత్తాడు. "ఇట్టా కాదు. ఒళ్ళో కూర్చుని చదివితే ప్రతి మాటా బాగానే ఉంటది. గాలికి ఆగాలిగా?"

నిన్నా ఇవాళా అదే పని. తాత అరవై బారల దూరంలో, గాలికి ఎదురుగా, దోనెలో నిలబడ్డాడు. మాస్టారు నా పక్కన గొడుగు కింద కూర్చుని పుస్తకంలోంచి ఒక్కో మాటా నాకు అందించారు. నేను కేకవేశాను. చెవికి చేరితే తాత గెడ ఎత్తుతాడు, చేరకపోతే తల ఊపుతాడు. మాస్టారు పుస్తకంలో గీత పెడతారు.

వాలుగ. గెడ లేచింది. పరిగె. పోయింది. గూడబాతు. లేచింది. తుంగ పోయింది, కిక్కిస పోయింది. "కిక్కిసని గాలి కొరికేస్తంది, సగమే వస్తంది," అని తాత అరిచాడు. బొమ్మిడాయి లేచింది. చుక్కాని లేచింది. మధురిమ పోయింది.

ఆ మాట పోయినందుకు నాకు ఏడుపొచ్చింది. నాకిష్టమైన మాటల్లో మొదటిది. "ఇంకోసారి అంటాను తాతా!" అన్నాను. మూడుసార్లన్నాను. తల ఊపుతూనే ఉన్నాడు.

"దాన్ని పుస్తకంలోనే ఉంచుకో," అన్నారు మాస్టారు. "ప్రతి మాటా ఎండలో పనిచెయ్యక్కర్లేదు."

ఇవాళ నేర్చుకున్నది. మా ముసలమ్మలు వాడే మాటల్లో దీర్ఘాలు ఎందుకన్ని ఉన్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. నీళ్ళ మీద ఇంత దూరం నుంచి ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుని పిలుచుకుని, గాలికి ఆగినవే మిగిలాయేమో. రుజువు లేదు. కానీ గెడ లేచినప్పుడల్లా నాకు అలాగే అనిపించింది.

నాలుగు వందల పన్నెండు మాటలు ఆగాయి. నా గొంతు పోయింది. మాస్టారికి మిగిలినవి ఎనిమిది సగాలు. ఇవాళ నేను పక్కన నిలబడి రెండు సగాలు మింగించాను. పదహారున నెగ్గుతామని చెప్పి మింగించాను. ఇప్పుడు నెగ్గి తీరాలి.

సెప్టెంబరు 14, సోమవారం

మొదటి రోజు. ఎనిమిది వందల డెబ్బై బేరాలు, ఒక్క అంకె కూడా నోటికి రాలేదు.

జనం జతల్ని ఇంతగా ఇష్టపడతారని నేననుకోలేదు. ముఖద్వారం దగ్గర చీటీ చూసుకోవడం జాతకం చూసుకున్నట్టయింది.

"నాకు గూడబాతు–సింహాసనం! ఈ రోజు నాదే."

"నాకు చూడవే, వాలుగ–మామిడి. అత్తగారు పులుసు పెడతదేమో."

"ఇదిగో అమ్మాయ్, నాకు ఆబోతు–దీపం వచ్చింది. మార్చు. మా ఆయన నవ్వుతున్నాడు."

"మార్చడం కుదరదు పిన్నీ, యంత్రం ఇచ్చిందే."

"యంత్రానికి మా ఆయన తెలుసన్నమాట."

వలల కొట్టాయన నన్ను పక్కకి పిలిచి, "ఈ జతలు రాసి పెట్టుకోవచ్చా?" అన్నాడు. రాసుకో బాబాయ్, స్తంభం నిండా రాసుకో అన్నాను. వాడిన జత ఎండిన గుల్లే. ఆయన మొహం వెలిగింది. పది రోజుల్లో ఆయన నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు.

గట్టు పడవ నాలుగుసార్లూ వెళ్ళింది. ఈ రోజు ఎవరి కార్డూ స్తంభించలేదు.

సెప్టెంబరు 16, బుధవారం

హైమవతి గారు ఎనిమిదింటికి దిగారు. పొట్టి మనిషి. చేతిలో గొడుగు, భుజాన పెద్ద సంచి. మా తెప్ప ఊగితే ఊగారు, పట్టుకోమని చెయ్యి చాచలేదు.

"దొంగ ఎక్కడ కూర్చుంటాడు?" అన్నారు మొదటే.

గట్టు పడవ వెళ్ళే దారి చూపించాను. అక్కడే దోనె కట్టించుకుని, మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. వరసలో వెళ్ళిన ప్రతి మాటనీ ఒక డబ్బాలో రికార్డు చేశారు. రెండు వందల పదకొండు జతలు. తర్వాత సంచిలోంచి గట్టు దుకాణాల్లో ఉండేలాంటి యంత్రం తీసి, ఒక్కో జతా కొట్టడం మొదలుపెట్టారు.

చెల్లదు. చెల్లదు. చెల్లదు.

మొత్తం రెండు వందల పదకొండుసార్లు. నేను పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. బజారంతా పని ఆపి చూసింది. తర్వాత మా యంత్రంలోనే కొట్టారు. చెల్లదు.

"కొట్టువాళ్ళ కన్నా ముందే ఎవరైనా వాడేస్తే?"

"వాడాలంటే మా తెప్ప ఎక్కి, కొట్టువాళ్ళ చేతిలో యంత్రం లాక్కోవాలండి," అన్నాను.

"ఆయ్, లాక్కోమనండి చూద్దాం," అన్నాడు ఘంటయ్య తాత, గెడ నేలకానించినట్టు చెక్క మీద ఆనించి.

"జతలు ఎన్నాళ్ళకి తిరిగి వస్తాయి?"

"లక్షా అరవై తొమ్మిది వేల పైచిలుకు జతలండి. రోజుకి తొమ్మిది వందల బేరాలనుకున్నా ఆరు నెలలు. ఈలోగా ఇంకా మాటలు చేరుస్తాను. గాలికి పెట్టి చూసి."

ఆవిడ రాసుకున్నారు. తర్వాత కొట్లు చూశారు, ఒక్కొక్కటీ. మా మెస్‌కి చివరగా వచ్చారు. పొయ్యి వెనక వంగారు. చెక్క మీద ఒక వరస. పన్నెండు అంకెలు.

"ఇదేమిటి?"

చెప్పబోయాను. పెద్దమ్మ నాకంటే ముందు చెప్పింది.

"మా ఆయనండి."

హైమవతి గారు ఆ అంకెల్ని తన యంత్రంలో కొట్టారు. తెర మీద వచ్చింది చూశారు. రద్దు, 2131. ఆ తర్వాత లేచి గొడుగు సర్దుకున్నారు. "ఇది కొనేవాళ్ళ వివరం కాదు. ఉండనివ్వండి," అన్నారు.

పెద్దమ్మ ఆవిడకి పులుసన్నం పెట్టింది. తనిఖీకి వచ్చినవాళ్ళు తినకూడదట. తిన్నారు. తిన్నదానికి కార్డు తనే తీసి, ముఖద్వారం దాకా వెళ్ళి, చీటీ తెచ్చుకుని, కావాలని చివరి దోనెలో కూర్చుని కేకేశారు. "చుక్కాని–కైవారం!" అది ఇరవై రెండు నోళ్ళు దాటి అలాగే వచ్చింది.

ఫలితం రేపు తీగ మీద వస్తుందన్నారు. మాస్టారి డబ్బాలో రెండు సగాలు.

సెప్టెంబరు 17, గురువారం

పది గంటల పది నిమిషాలకి వచ్చింది. పన్నెండు కట్టుబాట్లకి పన్నెండూ. నెగ్గాం!

నేను చదవడం పూర్తికాకముందే వరస అందుకుంది. "నెగ్గాం" అన్న మాట వలయం చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది, ఒక్క అక్షరం మారకుండా. ఘంటయ్య తాత దాన్ని మళ్ళీ వరసలో వేశాడు. రెండోసారి తిరిగింది. మూడోసారి పెద్దమ్మ వేసింది. "మళ్ళీ చెప్పండహే!" అని ఎవరో. పిల్లలు నీళ్ళలో దూకారు. పెద్దలూ దూకారు. ఉప్పుచేపల కొట్టావిడ యంత్రం మీది నిమ్మకాయ తీసి కొత్తది పెట్టింది.

మధ్యాహ్నం పడవలో నాలుగు కొత్త కార్డులొచ్చాయి. మందుల దోనె కూడా ఆ పడవ వెనకే వచ్చింది. మాస్టారు తన కార్డు తనే పెట్టి, డబ్బా అందుకుని, మెస్‌లో బల్ల మీద కూర్చుని ఒక మాత్ర తీశారు. గుండ్రంగా, నిండుగా ఉంది. పెద్దమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. మింగారు. మేమందరం ఆయన గొంతు వంక చూశాం, ఏదో వింత జరుగుతుందన్నట్టు.

"ఏంటలా చూస్తారు?" అన్నారు. "చేదుగా ఉంది. చాలా బాగుంది."

హైమవతి గారి ఉత్తరంలో కింద ఇంకో మూడు వాక్యాలున్నాయి. ఆకివీడు తెప్పల బజారులో కూడా కార్డులు పోతున్నాయట, తొమ్మిది. అక్కడ మాట దాటించరు, ఈలలు వేస్తారు. ప్రతి అంకెకీ ఒక ఈల. వీలైతే వచ్చి చూడగలరా అని నన్నడిగారు. 'గలరా' అన్నారు. నన్ను.

ఈలల గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. నా మాటలు వాళ్ళకి పనికిరావు. ఈల ఏ గాలికి ఆగుతుందో, ఒక ఈలకీ ఇంకో ఈలకీ తేడా ఎంత దూరం నుంచి తెలుస్తుందో వాళ్ళనే అడగాలి. ఘంటయ్య తాత నేనూ వస్తానన్నాడు. గెడ అప్పుడే దోనెలో పెట్టేశాడు.

రేపు పొద్దున ఆరింటికి మొదటి పడవ. ఖాళీ నోటుపుస్తకం ఒకటి, పెన్సిళ్ళు రెండు. అక్కడికి చేరాక పూటంతా ఎవరినీ ఏమీ అడగను, ఏ పలకా కట్టను. వాళ్ళ వరస చివర కూర్చుని వింటాను.